చూపించడానికి తీసుకెళ్ళిన టీవీ

ఏంటమ్మాయ్, ఆ పాడైన టీవీ గేటు బయట పెడుతున్నావా? పెట్టు, పెట్టు. "ఉచితం, కావాల్సినవాళ్ళు తీసుకెళ్ళండి" అని అట్టముక్క కూడా తగిలించావే. అబ్బో, ఎంత దాతలమైపోయాం మనం! నవ్వట్లేదులే, ఊరికే పళ్ళు బయటపడ్డాయి. ఇలా వచ్చి కూర్చో. మా బావ ఉండి ఉంటే నువ్వది కింద పెట్టేలోపే భుజానికెత్తుకునేవాడు. మా అక్క మొగుడు. నువ్వు పుట్టకముందే పోయాడులే. బస్సు కండక్టరు. డ్యూటీ దిగి వస్తూ ఏ గేటు బయట మూగబోయిన రేడియో ఉన్నా, రెక్క విరిగిన ఫ్యాను ఉన్నా ఆగాల్సిందే. "బస్సుకైనా కొన్నిచోట్లే స్టాపులు, ఈయనకి గేటుకో స్టాపు" అని వీధంతా ఎగతాళి. ఇంట్లో కాలు పెట్టాలంటే వైర్లు దాటుకుని వెళ్ళాలి. మా అక్క మంచం కింద కూడా మిక్సీ మోటార్లే. పాపం అక్కకి పక్షవాతం, నడుం కింద ఒళ్ళు చచ్చుబడిపోయింది. ఎటు తిప్పితే అటే.

ఆ, ఏం చెబుతున్నాను? అలవాటు. బావకో పిచ్చి అలవాటు. ఏది బాగుచేసినా ముందు ఇచ్చినవాళ్ళింటికి మోసుకెళ్ళి, స్విచ్చి వేసి చూపించి, మళ్ళీ తెచ్చుకోవాలి. "వాళ్ళు ఆశ వదిలేసుకున్న వస్తువురా, బతికిందని తెలిస్తే ఎంత సంతోషపడతారో" అనేవాడు. సంతోషపడేవాళ్ళే, కాదనను. "భలే చేశారండీ, ఉంచుకోండి" అని కాఫీ ఇచ్చి పంపేవాళ్ళు. అలా చెడగొట్టారు మనిషిని.

ఎదురింట్లో పళ్ళ డాక్టరు ఉండేవాడు. పిడుగు పడి వాళ్ళ కలర్ టీవీ మాడిపోతే, బావని పిలిచి మరీ ఇచ్చాడు, పీడ వదిలిందన్నట్టు. బావ ఎగిరి గంతేశాడు. ఎందుకంటే మా అక్క అన్నేళ్ళూ పక్కింటి టీవీ మాటలు గోడ అవతల్నుంచి వినడమే గానీ బొమ్మ చూసింది లేదు. "ఆ సీరియల్లో ఏడ్చే పిల్ల ఎలా ఉంటుందిరా, తెల్లగానా, చామనచాయా?" అని నన్నడిగేది. నాకేం తెలుసు! ఇక బావ ఆ టీవీతో నెలల తరబడి కుస్తీ పట్టాడు. ఇంకెక్కడో పారేసిన టీవీల్లోంచి ముక్కలు పీకి దీనికి అతికించి, చివరికి బొమ్మ తెప్పించాడమ్మా. ఆ సాయంత్రం అక్క మొహం చూడాలి నువ్వు. "చామనచాయేరా!" అని ఒకటే సంబరం.

అంతటితో ఊరుకోవచ్చుగా? తెల్లారగానే ఎదురింటికి బయల్దేరాడు. అక్క మొత్తుకుంది. "అంతగా చూపించాలనుంటే వాళ్ళనే ఇటు పిలవండి, దాన్ని మాత్రం కదపకండి" అని. వింటేగా! "బాగోదే, మనమే వెళ్ళాలి" అని దుప్పటి కప్పి ఎత్తుకెళ్ళాడు. అక్కడ డాక్టరు పెళ్ళాం, "అబ్బ, కొన్నప్పటికంటే బాగుందండీ! పిల్లలు వదలట్లేదు చూడండి, ఇక్కడే ఉండనివ్వండి" అందట. "మీరు ఇచ్చేశారు కదండీ" అని ఈయన గొణిగాడట. డాక్టరేమో పేషెంటుకి నచ్చజెప్పినట్టు మెత్తగా, "చూడండీ, మేమిచ్చింది పాడైన టీవీ. ఇది బాగున్న టీవీ. బాగున్నది మేమెప్పుడిచ్చాం?" అన్నాడట. చదువుకున్నోడి నోరు! బావ ఖాళీ దుప్పటి భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. అక్క ఆ దుప్పటి వంక చూసింది.

అయిపోయిందనుకున్నావా? కొన్నాళ్ళకి వాళ్ళకి మళ్ళీ బొమ్మ పోయింది. "కండక్టరు గారూ, దాని లోపలి సంగతి మీకే తెలుసు, కాస్త రండి" అని కబురు. వెళ్ళాడమ్మా! నాకు ఒళ్ళు మండిపోయింది. "ఉప్పూ కారం తినట్లేదా బావా నువ్వు?" అన్నాను. "ఎవరింట్లో ఉందో ఆ టీవీకేం తెలుసురా" అన్నాడు. బాగుచేసి, ఒక్కటే అడిగాడట. టీవీని కాస్త కిటికీ వైపు తిప్పమని. వాళ్ళ కిటికీకి సరిగ్గా ఎదురుగానే అక్క మంచం. "దానికేం భాగ్యం" అన్నారు. పరుగున వచ్చి అక్క వీపుకి దిండ్లు పెట్టి కూర్చోబెట్టాడు. కనపడింది. అగ్గిపెట్టంతైనా కనపడింది. "ఆ పిల్ల ఎర్రచీర కట్టిందిరా ఇవాళ" అంది అక్క. ఇంతలో డాక్టరు పెళ్ళాం కిటికీ దగ్గరికొచ్చింది. పలకరించడానికనుకుని అక్క చెయ్యెత్తింది. ఆవిడ పరదా లాగేసింది.

మర్నాడు బావతో ఏమందో తెలుసా? "రోగిష్టి మనిషి అలా రెప్పవేయకుండా చూస్తుంటే పిల్లలకి ముద్ద దిగట్లేదండీ." ఆ మాట చెవిన పడ్డాక అక్క తనని గోడవైపు తిప్పి పడుకోబెట్టమంది. పోయేదాకా అటే. బావ సామానంతా అటకెక్కించాడు, మళ్ళీ ఏ గేటు దగ్గరా ఆగలేదు. నాకు ఆ డాక్టరు మీదకంటే బావ మీదే మంటమ్మా, ఇప్పటికీ. ఎవడడిగాడు ఆయన్ని చూపించమని? ఎవడడిగాడు?

గేటు చప్పుడైంది, చూడు. ఎవరో అట్టముక్క చదువుతున్నట్టున్నాడు. ఇచ్చెయ్. ఆ రిమోటు కూడా ఇచ్చెయ్, మనకెందుకు. అమ్మాయ్, ఇదిగో... బాగైతే తెచ్చి మనకి చూపించక్కర్లేదని చెప్పు. గట్టిగా చెప్పు, వినపడేలా.