ఎర్ర బొత్తం

మంచం కోళ్లు మునిగేదాకా ఇంట్లోకి నీళ్లొచ్చిన వరద తర్వాత రెండో ఏడు. ఆదివారం సాయంత్రం, మా వెనక గది. ఫిడేలు నాది, డ్రమ్ములు మా బావమరిదివి, పాట మా ఆవిడది. కంప్యూటర్ల సంగతి చూసేది మా అమ్మాయి.

"అది కాదు మామయ్యా, ముందు నేను చెప్పేది పూర్తిగా విను."

"విన్నానమ్మడూ. నువ్వు చెప్పిన సాఫ్ట్‌వేర్లు మూడు. మొదటిది మీ నాన్న లాప్‌టాప్‌లో తప్ప పనిచెయ్యదు. రెండోది మా ఇంట్లో నా డబ్బా కంప్యూటర్లో తప్ప పనిచెయ్యదు. మూడోది రెండింట్లోనూ పనిచేస్తుంది. అందుకని రెండోది ఉంచుకుందాం."

"అందుకనా?"

"మరి! నా డబ్బాలో ఉంటే నా కళ్లముందుంటుంది."

"నువ్వు మీ ఇంట్లో కూర్చుని పాట కలుపుతుంటే, ఇక్కడ నాన్న ఏం చెయ్యాలి?"

"ఫిడేలు వాయించుకోవాలి. ఏం బావా?"

"మొదటిదే."

"చూశావా అమ్మడూ? నోరు తెరవడు తెరవడు, తెరిచాడంటే నా నెత్తిన రాయే."

"నాన్నా, మొదటిదైతే మామయ్య ఇంట్లో పాటే తెరుచుకోదు."

"తెరుచుకోకపోతే మంచిదే."

"ఏంటి మంచిది?"

"ఏం లేదు."

"ఇద్దరిదీ ఒకటే గోల ఇన్నాళ్లూ! మామయ్య డబ్బాలోకి వెళ్లేసరికి ఫిడేలు సన్నబడిపోతోందని నువ్వు. నీ లాప్‌టాప్‌లోకి వచ్చేసరికి డ్రమ్ములు నీరసపడిపోతున్నాయని మామయ్య."

"అరుగుతాయమ్మా. మెషిన్ మారినప్పుడల్లా శబ్దం అరుగుతుంది. చెప్పు బావా."

"అరుగుతుంది."

"ఈ ఒక్క మాట దగ్గర మాత్రం ఎంత ఐకమత్యమో! అరగదు నాన్నా. అందుకేగా పోయినవారం ఈ మూడోది రెండిళ్లలోనూ పెట్టింది? ఫైలు ఒక్కటే. ఇక్కడ తిప్పింది అక్కడా తిరుగుతుంది, అక్కడ దించింది ఇక్కడా దిగుతుంది. దాంతో చేసిన పాటేగా అమ్మ రేడియోకి పంపింది? ఆ రేడియో ఆవిడ ఏమంది?"

"బాగుందందమ్మడూ. అచ్చం ఇలాంటిదే ఇంకోటి రేపు మధ్యాహ్నం లోపల పంపితే, వారంవారం మనకో పావుగంట ఇస్తానంది."

"మరి అదే సాఫ్ట్‌వేర్ ఉంచుకుందామంటే ఎందుకీ మెలికలు, మామయ్యా?"

"అందులోనూ అరిగాయి కదమ్మడూ! అమ్మ వినిపించినప్పుడు నువ్వూ విన్నావుగా? నా డ్రమ్ములు ఏవీ? లేనే లేవు!"

"ఫిడేలూ లేదు."

"అరగ్గా అరగ్గా ఎక్కడో మిగిలిన నా దెబ్బ ఒకటి ఆవిడ గుండెకి తగిలుంటుంది."

"ఫిడేలు."

"లేని ఫిడేలు ఎలా తగుల్తుంది బావా?"

"లేని డ్రమ్ములు తగల్లేదా?"

"ఆగండాగండి. ఆ ఫైలు ఇప్పుడే తెరుస్తాను, సంగతి తేలిపోతుంది."

"ఇప్పుడెందుకమ్మడూ? చీకటి పడుతోంది."

"చీకటికీ ఫైలుకీ ఏంటి మామయ్యా సంబంధం?"

"నీ కళ్లకి మంచిది కాదని. బావా, చెప్పవేం?"

"మంచిది కాదు."

"నాన్నా! ప్లగ్గెందుకు పీకావు?"

"వేడెక్కింది."

"ప్లగ్గు పీకితే లాప్‌టాప్ ఆరిపోదు నాన్నా. లోపల బ్యాటరీ ఉంటుంది."

"ఓహో."

"ఇదిగో, తెరుచుకుంది. పై వరస అమ్మ గొంతు. మధ్యది ఫిడేలు, కిందది డ్రమ్ములు. మామయ్యా, ఫిడేలు కిందకి దించింది ఎవరు?"

"నావంక చూస్తావేం? డ్రమ్ములు దించిందెవరో మీ నాన్నని అడుగు."

"నాన్నా?"

"గాలికి."

"గాలికి దిగడానికి అదేమన్నా కిటికీ తెరా?"

"సరే అమ్మడూ, దించాను. కాస్తంటే కాస్త. ఏం చెయ్యమంటావు? బావ ఫిడేలు గీస్తుంటే తలుపుకి నూనె వెయ్యాలనిపిస్తుంది నాకు."

"నువ్వు కొడుతుంటే అటక మీంచి గిన్నెలన్నీ ఒక్కొక్కటే మెట్ల మీద దొర్లుతున్నట్టుంటుంది."

"బావా! నా ఎరుకలో నువ్వన్న పొడుగాటి మాట ఇదేనయ్యా!"

"ఊఁ."

"సరే బావా, నీ ఫిడేలు దిగి ఉండటం నువ్వు చూశావా మరి?"

"చూశాను."

"అడగలేదేం?"

"అడిగితే డ్రమ్ముల సంగతి నువ్వు అడుగుతావని."

"నేనూ అందుకే నోరు మూసుకున్నా!"

"ఇద్దరూ ఇద్దరే! కానీ మామయ్యా, మీరు దించింది కాస్తే. ఇంత మాత్రానికి మొత్తానికే వినబడకుండా పోవు. ఇదేంటిది? రెండు వరసల పక్కనా ఎర్ర బొత్తం నొక్కి ఉంది."

"ఎర్ర బొత్తమంటే?"

"మ్యూట్. ఆ వరస నోరు మూయించడం."

"నేను నొక్కలేదు! దించడం వరకే నా పాపం. బావా, నువ్వేనా?"

"నా ఫిడేలు నేనే నొక్కుకుంటానా?"

"అవును కదూ. మరి ఈ గదిలోకి ఇంకెవరొస్తారు? అమ్మడూ, నువ్వా?"

"పంపిన రోజు నేను ఊళ్లో లేనుగా మామయ్యా. పాట పంపింది అమ్మ."

"అక్కా! ఓ అక్కా! ఒక్కసారి ఇలా రా. నీకు కంప్యూటర్ రాదుగా?"

"రాదురా. పాట పంపడం, ఆ ఎర్ర బొత్తం, అంతే వచ్చు."

"అక్కా!"

"అరవకు. బయటి చప్పుడు పడకూడదని బట్టల బీరువాలో తలపెట్టి, చీరల మధ్య ఊపిరాడక పాడతాను నేను. తీరా పాట తయారయ్యాక ఆ గీతలకీ ఆ దొర్లుడికీ మధ్య నా గొంతెక్కడుందో నేనే వెతుక్కోవాలి. ఒక్కసారి విందామని నొక్కాను. విన్నాక మళ్లీ తియ్యబుద్ధి కాలేదు. అలాగే పంపేశాను."

"అంటే ఆ రేడియో ఆవిడకి తగిలింది..."

"ఏమోరా. మీ ఇద్దరూ ఎవరి గొప్ప వాళ్లు చెప్పుకుంటుంటే మధ్యలో నేనెందుకని ఊరుకున్నా."

"ఏయ్, నవ్వకు అమ్మడూ. మరి రేపటి పాట అక్కా?"

"నేను ముట్టను. ముగ్గురి పాట, మీ ఇష్టం. ఏవండీ, ఆ ప్లగ్గు మళ్లీ పెట్టండి."

"ఊఁ."

"సరే, మూడోదే ఖాయం. ఇదిగో, రేపటి పాట. మూడు వరసలూ సమానంగా పెట్టాను, ఎర్ర బొత్తాలు రెండూ తీసేశాను. పొద్దున్నే ఎవరింట్లో వాళ్లు తెరిచి చూసుకోండి. ఆఖర్న నాన్న పంపేస్తాడు. ఏం నాన్నా?"

"ఊఁ."

"బావా, నువ్వు నా డ్రమ్ములు వెంట్రుకవాసి దించినా మా ఇంట్లో కనబడుతుంది, జ్ఞాపకముంచుకో."

"ఊఁ."

"ఊఁ అంటే దించుతావనా, దించవనా?"

"ఊఁ."

మర్నాడు పొద్దున్నే, మా ఆవిడ లేవకముందే లాప్‌టాప్ తెరిచి, నా ఫిడేలు పక్కనున్న ఎర్ర బొత్తం నేనే నొక్కాను. డ్రమ్ముల సంగతి బావమరిదినే అడుగుదామని కింది వరస చూస్తే, దాని బొత్తం వాళ్లింట్లోంచి అప్పటికే నొక్కి ఉంది.