నది మధ్యలో ఆగిన ఇంజను

పొద్దున్నే పడవ రేవులో కట్టేసి ఉంది. ఇంజను గదిలో ముసలి డ్రైవరు టార్చి పట్టుకుని నిలబడ్డాడు. ఎలక్ట్రీషియనైన ఆయన కోడలు మీటరుతో డీజిల్ వాల్వు ముందు కూర్చుంది.

"కొత్త వాల్వు వేశాక కూడా నది మధ్యలో ఆగిందమ్మా. పడవ నిండా జనం. నా పైప్రాణాలు పైనే పోయాయి."

"వాల్వు బానే ఉంది మామయ్యా. కరెంటు అందినంతసేపే అది డీజిల్ వదుల్తుంది. అందకపోతే మూసుకుంటుంది, ఇంజను ఆగుతుంది."

"కరెంటు వస్తోందిగా? మీటరు ఇరవై నాలుగు వోల్టులు చూపిస్తోంది."

"ఇప్పుడు ఇంజను అదరట్లేదు కదా. వాల్వుకొచ్చే ఆ వైరు కాస్త ఊపండి."

"ఊపాను. అరే, సున్నా! మళ్ళీ వచ్చింది... మళ్ళీ పోయింది."

"పొగగొట్టానికి ఆనించి కట్టారు. వేడికి పెళుసెక్కి లోపల రాగి తెగింది."

"నీ మొగుడు డీజిల్ సరిగ్గా వడగట్టలేదనుకున్నాను. అందరి ముందూ నానా మాటలన్నాను. పడవ ఎక్కొద్దన్నాను."

"తెలుసు. అప్పట్నుంచీ మీ అబ్బాయి ఇంట్లో నోరు విప్పట్లేదు."

"ఆ వైరు ఎవరు కట్టారో అడగవేం?"

"ముడి చూడగానే తెలిసింది. పడవ తాడుకి మీరు వేసే ముడే."

ముసలాయన టార్చి దించాడు. ఆమె కొత్త వైరు వేసి, గొట్టానికి దూరంగా బిగించింది. ఇంజను నడుస్తుండగా వైరు ఎంత ఊపినా అది ఆగలేదు.

"ఇక జనాన్ని ఎక్కించుకోండి."

"వాడేడీ?"

"రేవులోనే, ఆ జనంలో ఉన్నారు. పిలవనా?"

"వద్దమ్మా. అందరి ముందూ తిట్టింది నేను. అందరి ముందే నేనే పిలుస్తాను."