వదిలిందా, వదిలించిందా? మన దుబాసీగారి కొలువు

అమ్మాయిలూ, నాయనలూ, చేతిలో దుప్పటి ఉంటే అక్కడే పెట్టి ఇలా దగ్గరికి జరగండి. 1995వ సంవత్సరం ఏప్రిల్ మూడవ తేదీ ఉదయం మన ఆసుపత్రి లాండ్రీలో అనువాదకులుగా చేరిన వారు, మనమంతా ప్రేమతో దుబాసీగారని పిలుచుకునే వారు, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారిని గురించి నాలుగు మాటలు రాయమని మన ఆసుపత్రి సంచికవారు నన్ను కోరారు. నాది వానాకాలం చదువు. అయినా మడతల గదిలో ఇన్నేళ్ళు నిలబడి పనిచేసినదాన్ని, కళ్ళతో చూసినదాన్ని, చెవులతో విన్నదాన్ని. మరిచిపోవడం నాకు చేతకాని విద్య.

దుబాసీగారు వచ్చేనాటికి మన మేనేజరుగారికి మన మాట రాదు, మనకు వారి ఇంగ్లీషు రాదు. ఆ ఇద్దరి నడుమ ఒక కుర్చీ వేసి దుబాసీగారిని కూర్చోబెట్టారు. అప్పటికి వారు బక్కపలచని యువకులు. మొదటిరోజే ఇస్త్రీ గదిలోకి వచ్చేసరికి ఆవిరికి కళ్ళద్దాలు మసకబారిపోయాయి. తుడుచుకుంటున్నారు, మళ్ళీ కమ్ముకుంటోంది. పెద్ద ఇస్త్రీ యంత్రం దగ్గర పనిచేసే, నేనూ తనూ ఒకరినొకరం వదినా అనే పిలుచుకునే మా ఇస్త్రీ వదిన ఊరుకుంటుందా?

"అయ్యా, తుడిచీ తుడిచీ అవి అరిగిపోతాయి. తీసి జేబులో పెట్టుకోండి. మీ పని వినడమేగా, చూడ్డానికి ఇక్కడేముంది, మా మొహాలు తప్ప!"

"ఆ మొహాలు చూస్తేనేగానీ మాట సరిగ్గా వినపడదమ్మా" అన్నారాయన. గది గదంతా నవ్వింది. మనిషి మనవాడేనని ఆనాడే అనుకున్నాం.

మూడు నెలలు తిరగకముందే పెద్ద ఉపద్రవం వచ్చిపడింది. తడి దుప్పట్లతో నిండిన బండిని మా వదిన ఏటవాలు దారిమీద దించుతుండగా, అది చేయిదాటి కిందికి దూసుకుపోయి, అప్పుడే కొత్తగా తెచ్చిన ఆరబెట్టే యంత్రం అద్దం తలుపును ముక్కలు చేసింది. ఆ వాలు కింద నిలబడి ఉన్నది నేనే. పక్కకు దూకాను కాబట్టి ఇవాళ ఈ వ్యాసం రాస్తున్నాను. మరునాడు విచారణ. ఉద్యోగంతోపాటు ఆసుపత్రివారిచ్చిన ఒంటిగదిలోనే వదిన, ఆమె అత్తగారు, నర్సు చదువు చదువుతున్న కూతురు తలదాచుకుంటున్నారు. ఉద్యోగం పోతే గదీ పోతుంది. ముగ్గురూ వీధిన పడతారు.

చూసినదాన్ని కనుక నన్నూ పిలిచారు. మేనేజరుగారు కలం తీసి, ఏం జరిగిందో చెప్పమన్నారు. మా వదిన, "ఏం చెప్పమంటారయ్యా... వాలుమీద బండి వదిలేశాను" అంది.

దుబాసీగారు "షీ లెట్ ద ట్రాలీ గో" అన్నారు. మాటకు మాట, తూచి ఇచ్చినట్టే ఉంది. కానీ మేనేజరుగారు కలం మూసేసి, బల్లమీద కాగితాన్ని పక్కకు నెట్టి, ఇంగ్లీషులో ఏదో ఒక్క ముక్క అన్నారు. ఆ ముక్కను దుబాసీగారు మాకు చెప్పలేదు. రేపటినుంచి ఈమె రానక్కరలేదని దాని అర్థమట, తరవాత తెలిసింది.

చెప్పకుండా లేచి నిలబడ్డారు. మేనేజరుగారితో ఇంగ్లీషులో ఒకసారి, మాతో మన భాషలో ఒకసారి అన్నారు కదా: "తప్పు నాది సార్. ఈమె చెప్పినదాంట్లో సగమే మీకు చేరింది. మీ లెట్ అనే మాటలో, ఆపగలిగి ఉండీ ఆపలేదన్న అర్థం ఉంది. ఈమె ఆ మాట అనలేదు. ఇంకొక్క ప్రశ్న అడగనివ్వండి."

"కొలువు ఇంకా ఖాయం కాలేదు మీకు. అనువాదం తప్పని మీ నోటితో మీరే అంటున్నారు, గుర్తుందా?" అన్నారట మేనేజరుగారు.

"ఉంది సార్. ముందు ఈమె సంగతి" అని ఇటు తిరిగారు. "అమ్మా, ఎందుకు వదిలారు?"

అంతే, మా వదినకు ప్రాణం లేచివచ్చింది. "నేనెక్కడ వదిలానయ్యా! అదే నాచేత వదిలించింది! బ్రేకు తొక్కితే ఆగాలా వద్దా? ఆగకపోగా నన్నే ఈడ్చుకుపోయింది. కిందేమో మా వదిన నించుంది. 'తప్పుకో వదినా' అని అరుస్తూనే ఉన్నా, చేతిపట్టు ఊడిపోయింది."

"బ్రేకు పాడైందని ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పకేం! చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. 'చేయిస్తాం, చేయిస్తాం' అన్నారు. చేయించిన పాపాన పోలేదు."

ఈసారి దుబాసీగారు బ్రేకు సంగతంతా చెప్పి, ఆచితూచి "ద ట్రాలీ మేడ్ హర్ లెట్ గో" అన్నారు. మేక్ అంటే బలవంతాన చేయించడమట. మేనేజరుగారికి నవ్వొచ్చింది. మనిషిచేత పని చేయించే పెత్తనం బండికి ఎక్కడిదన్నారు. "ఒకసారి తోసి చూడండి సార్" అన్నారు దుబాసీగారు, ఎంతో వినయంగా.

ఆయనా పంతం మనిషే. అదే బండిలో అన్నే తడి దుప్పట్లు వేయించి, కింద మాసిన బట్టల మూటలు అడ్డంగా పేర్పించి, కోటు విప్పకుండానే వాలెక్కారు. బ్రేకు తొక్కారు. బండి ఆగితేగా! టై భుజం మీదికి ఎగిరింది, బూట్లు కీచుమన్నాయి, బండి వెళ్ళి మూటల్లో కూరుకుపోయింది. ఆయన ఉత్తచేతులతో వాలు మధ్యలో నిలబడి, రొప్పుతూ, "ఇట్ గాట్ అవే ఫ్రమ్ మీ!" అని అరిచారు.

మేమంతా దుబాసీగారి వంక చూశాం. ఆయన పెదవైనా కదపకుండా, "చేయి జారిందట" అన్నారు.

"అయ్యో పాపం, జారుతుందండీ!" అంది మా వదిన. "దెబ్బ తగల్లేదు కదా, అడగండి."

దాన్నీ పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పారు. మేనేజరుగారి మొహం కందగడ్డయింది; మరుక్షణం ఆయనే పకపకా నవ్వేశారు. మంచి మనిషి, ఆ మాట చెప్పకపోతే పాపం. వదిన కొలువు నిలిచింది, బళ్ళన్నిటికీ కొత్త బ్రేకులు వేయించారు, ఆ నెలలోనే దుబాసీగారి ఉద్యోగమూ ఖాయమైంది. మన చేతిలోంచి పోతే జారిందంటాం, ఎదుటివాళ్ళ చేతిలోంచి పోతే వదిలేశారంటాం. ఇందులో ఇంగ్లీషువారికీ మనకూ తేడా లేదు నాయనా.

అటుపిమ్మట మధ్యాహ్న భోజనాలు కాగానే మడతల బల్ల దగ్గర వారు మాకు పాఠం మొదలుపెట్టారు. కుర్రాడిచేత చొక్కా కసిరి ఉతికిస్తే మేక్. డబ్బిచ్చి ఉతికించుకుంటే హ్యావ్. బతిమాలో బామాలో ఉతికిస్తే గెట్. 'నేనే ఉతుకుతా' అని వాడు మారాం చేస్తుంటే సరేలెమ్మని ఊరుకుంటే లెట్. ఇలా చెబితే రాళ్ళకైనా చదువొస్తుంది. "మనకు మాట చివర ఒక్క 'ఇంచు' తగిలిస్తే సరిపోతుందే, వాళ్ళకిన్ని మాటలెందుకండీ?" అని అడిగాను. "బలవంతమో బుజ్జగింపో వాళ్ళు మాటలో తేలుస్తారు, మనం గొంతులో తేలుస్తామమ్మా" అన్నారు. అద్దం దానంతట అది పగిలినా, మనం పగలగొట్టినా ఇంగ్లీషులో బ్రేక్ ఒక్కటేనని చెప్పిన రోజున, వారానికో గ్లాసు పగలగొట్టే మా క్యాంటీను బావగారు, "ఎంత దయగల భాషండీ!" అని పొంగిపోయారు.

కాలక్రమేణా వారి ప్రతిభ పైఅంతస్తులవారికీ తెలిసింది. ప్రధాన అనువాదకులై, రోగుల మంచాల పక్కన నిలబడి, ఏ మందువల్ల ఏ బాధ పుట్టిందో, ఏ బాధ మందుకు ముందునుంచే ఉందో వైద్యులకు విడమరిచి చెబుతూ, సగం మాటతో ఏనాడూ తృప్తిపడక, "ఎందువల్లమ్మా?" అని రెండోసారి అడిగి తెలుసుకుంటూ కొలువు సాగించారు. ఎంత పొద్దుపోయినా విసుక్కోని ఆ ఓర్పు వెనుక వారి శ్రీమతిగారి ఓర్పు ఉంది. మొన్న కలిసినప్పుడు ఆవిడ అన్నారు, "ఇక ఇంట్లో ఉంటారుగా పిన్నిగారూ! హ్యావ్, గెట్ అన్నీ అయిపోయాయి. కూరలు తరిగించే దగ్గర మా ఇంట్లో మేక్ ఒక్కటే చెల్లుతుంది."

మా ఇస్త్రీ వదిన తన వయసు నిండేదాకా అదే యంత్రం దగ్గర పనిచేసి విరమించింది. కూతురు ఇప్పుడు పైఅంతస్తులో పెద్ద నర్సు. ఈ సంచికకు ఏమైనా చెప్పమంటే వదిన ఇలా కబురంపింది: "ఆయనతో నా మాటగా చెప్పు వదినా. ఆసుపత్రివారిచ్చిన ఆ గది తాళంచెవి నా అంతట నేనే ఇచ్చి వచ్చాను. నాచేత ఎవరూ ఇప్పించలేదు."

దుబాసీగారూ, మీరు ఆయురారోగ్యాలతో, ఆలుబిడ్డల సందడిలో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలి; మీచేత ఇక నవ్వు తప్ప ఎవరూ ఏమీ చేయించకూడదు. పిల్లలూ, మీరు ఈ సంగతి గుర్తుంచుకుని మీ తరవాత వచ్చేవారికి చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం, బండి మా వదిన ఒక్కదాని చేయే జారిందని చెప్పకండి. మేనేజరుగారి సంగతీ చెప్పండి.