ఐసులో పాతిన మందు

హైవే పక్కన మందుల షాపు. మిట్టమధ్యాహ్నం ముసలి డ్రైవరొకడు కారు దిగి వచ్చి, థర్మాస్‌లోంచి ఇన్సులిన్ సీసా తీసి షాపావిడ ముందు పెట్టాడు.

“ఇదేంటి బాబాయ్, ఉండలు తేలుతున్నాయి?”

“తేలవా మరి! చల్లగా ఉంచమన్నారని ఐసుముక్కల్లో పాతేశా. నాలుగు రోజులుగా కరిగించుకుని పొడుచుకుంటున్నా.”

“గడ్డకడితే మందు చచ్చినట్టే. ఇన్నాళ్ళూ నువ్వు నీళ్ళు పొడుచుకున్నావు. ఏదీ, వేలివ్వు... అయ్యో, షుగరు మిషన్ కొలతకే అందట్లేదు, అంకెకు బదులు ‘హై’ అంటోంది! ఇంత షుగరుతో ఒక్కడివే వస్తున్నావా?”

“ఒక్కణ్ణే. ముప్పై ఏళ్ళు లారీ తోలాను తల్లీ. నా స్పీడుకి నా నీడ వెనకబడిపోయి మర్నాడొచ్చి కలిసేది! అన్ని ఊళ్ళు తిరిగినా సముద్రం మాత్రం చూళ్ళేదు. వచ్చే ఏడాదికి కళ్ళు పోతాయన్నాడు డాక్టరు. అందుకే బయల్దేరా. కొత్త సీసా ఇవ్వు, పోతా.”

“ఇస్తాగానీ, ఎదురుగా ఆ ఎర్ర బోర్డు మీద ఏముందో చదువు.”

“నాకు చదువెక్కడిదమ్మా!”

“పోనీ, ఏం బొమ్మ ఉందో చెప్పు.”

“...ఏ బోర్డు తల్లీ?”

“తాళాలిలా ఇచ్చెయ్ బాబాయ్. ఆసుపత్రికి ఫోన్ చేస్తున్నా.”

“సముద్రం ఇంకెంత దూరం?”

“రెండు గంటలు.”

ఆయన తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“నువ్వు చూశావా? ఎలా ఉంటుందో కాస్త చెప్పు.”

“లేదు బాబాయ్. ఈ కొట్టు వదిలి నేనెక్కడికెళ్ళాను?”