రాని వరదకు రెండో సంతకం

పంతొమ్మిది వందల తొంభై ఒకటి జూలై ఒకటో తేదీ, సోమవారం ఉదయం పది గంటల అయిదు నిమిషాలకు, ఇప్పుడు పదవీ విరమణ చేస్తున్న నా మాన్యమిత్రులు మా వరద హెచ్చరిక కేంద్రంలో నీటిమట్టం పరిశీలకులుగా బాధ్యతలు స్వీకరించారు. పదీ పదిహేనుకు మొదటి ప్రశ్న వేశారు. నదిలో పాతిన కొలకర్రను నేను చూపిస్తూ ఉండగా వారు రేవు మెట్ల మీద నిలబడి, "గురువుగారూ, ఈ కర్ర దిగినందుకు నీళ్లు ఆ మేరకు పైకి లేస్తాయి కదా? అయితే మనం కొలుస్తున్నది నదినా, కర్ర ఉన్న నదినా?" అన్నారు. నేను ఉద్యోగంలో వారికన్నా మూడు నెలలు పెద్ద, వయసులో రెండేళ్లు చిన్న. తల గోక్కున్నాను. ముప్పై మూడేళ్లుగా గోక్కుంటూనే ఉన్నాను. ఇప్పుడక్కడ జుట్టు లేదు.

వారి క్రమశిక్షణను, కార్యదక్షతను, సౌజన్యాన్ని ప్రస్తుతిస్తూ ఒక గంభీరమైన వ్యాసం రాయమని ఈ వీడ్కోలు సంచిక సంపాదకవర్గం నన్ను ఆదేశించింది. ఆ సుగుణాలన్నీ వారిలో పుష్కలంగా ఉన్నాయని సవినయంగా అంగీకరిస్తూనే, పక్క కుర్చీలో కూర్చున్నవాడికి వారు ఒక నిత్యపరీక్ష అని కూడా మనవి చేయక తప్పదు. ఏం చెప్పినా "అయితే" అంటూ మొదలుపెట్టేవారు గనుక కార్యాలయమంతా వారిని "అయితే గారు" అని పిలుచుకుంది.

తొంభై ఆరులో వారు గణన విభాగానికి, రెండువేల ఒకటిలో ముందస్తు అంచనాల విభాగానికి బదిలీ అయ్యారు; రెండుచోట్లా పక్క కుర్చీ నాదే. ఎక్కడికి వెళ్లినా జేబులో ఒక చిన్న నోటుపుస్తకం ఉండేది. "ఈ గోడపై ఏమీ రాయరాదు" అని మా ప్రహరీ మీద అడుగెత్తు అక్షరాలతో రాయించిన రోజున దాన్ని అందులోకి ఎక్కించారు. ఎన్నికల వేళ ఒక అభ్యర్థి మా కిటికీ కింద వ్యాను ఆపి, తనకు పదవీవ్యామోహం లేదనీ, అయిదోసారి కూడా గెలిపించమనీ మైకులో ప్రాధేయపడుతుంటే, నేను చెవులు మూసుకుని లెక్కలు వేస్తున్నాను. వారు నా మోచేయి కదిపి, "అయితే ఈయన్ని గెలిపిస్తే మేలు చేసినట్టా, కీడు చేసినట్టా?" అని అడిగారు. ఆ పూట లెక్క మొత్తం మళ్లీ మొదటినుంచి వేయవలసి వచ్చింది.

జపానులో జెన్ బౌద్ధ గురువులు శిష్యులకు జవాబు లేని ప్రశ్న ఒకటి ఇచ్చి ఏళ్ల తరబడి కూర్చోబెడతారట. "మనకంత శ్రమ లేదండీ, వారం వారం సర్క్యులరు వస్తుంది" అనేవారు మా అయితే గారు. వారికి అత్యంత ప్రీతిపాత్రమైన సర్క్యులరు ఇది: "అత్యవసర సమయాలలో ముందస్తు అనుమతి పొందిన పిమ్మట తక్షణమే స్పందించవలెను." దాన్ని చదివి వారు పరవశించిపోయారు. అమలు చేయవలసినవాణ్ణి నేను గనుక నాకు ఒళ్లు మండింది.

రెండువేల తొమ్మిది సెప్టెంబరులో, ఒక మధ్యాహ్నం, ఆ పరవశం పరీక్షకు వచ్చింది. ఎగువన కుండపోత. వారి అంచనా ప్రకారం సాయంత్రానికి నది కరకట్ట దాటి పల్లపు వీధిని ముంచుతుంది. హెచ్చరిక పత్రం మీద ఇద్దరు సంతకం చేయాలన్నది నియమం. వారు చేసి నా ముందు పెట్టారు.

"ఒక్క గంట ఆగుదామండీ. ఇంకాస్త పెరిగితే ఖాయంగా చెప్పొచ్చు" అన్నాను.

"ఖాయంగా తెలిశాక చెబితే అది హెచ్చరిక కాదు గురువుగారూ, వార్త" అన్నారు.

నేను కలం తీయలేదు. వారు ఒంటి సంతకంతోనే పంపించారు. పల్లపు వీధిలోని మూడువందల కుటుంబాలు బడి భవనానికి తరలాయి. ఆ పత్రం అందగానే ఎగువ ఆనకట్టవాళ్లు గేట్లు దించి నీటిని పట్టి ఉంచారు. నది కరకట్ట అంచుకు రెండు జానల కింద ఆగిపోయింది.

మర్నాడు పల్లపు వీధి దర్జీ మా గదిలోకి వచ్చి బల్ల గుద్దాడు. "ఏదండీ మీ వరద? చూపించండి! మా ముసలమ్మను నా వీపున మోయించి పరిగెత్తించారు కదా!"

"రాలేదు కాబట్టే కదండీ మీరొచ్చి తిట్టగలుగుతున్నారు. కూర్చోండి, మంచినీళ్లు తాగండి" అన్నారు వారు. దర్జీ కాసేపు తిట్టి, నీళ్లు తాగి వెళ్లాడు.

పైవాళ్లు అంత సులభంగా వెళ్లలేదు. రాని వరదకు హెచ్చరిక జారీ చేసినందుకు సంజాయిషీ అడిగారు. క్షమాపణతో ఒక చక్కని జవాబు నేను రాసి ఇస్తే, వారు దాన్ని పక్కనపెట్టి, "హెచ్చరిక నిజం కావలెనా, ఊరు మునగకుండవలెనా, రెంటిలో ఒకటి నిర్ణయించి తెలియజేయ ప్రార్థన" అని పంపారు! సర్వీసు రిజిస్టరులో మందలింపు పడింది. వారికి రావలసిన పదోన్నతి నాకు వచ్చింది.

ఆ మందలింపును వారి పదవీ విరమణలోగా తొలగింపజేయాలని ఏడాదిగా నేను అర్జీలు పెడుతున్నాను. మొన్న జవాబు వచ్చింది. హెచ్చరిక ఇవ్వకపోయి ఉంటే ఊరు మునిగి ఉండేదని సాక్ష్యం చూపాలట! నేను ఆ కాగితాన్ని బల్ల మీద విసిరికొట్టాను. వారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, నోటుపుస్తకంలోకి జాగ్రత్తగా ఎక్కించుకున్నారు. ఈ మనిషితో ఎలా వేగడం?

వారి శ్రీమతి, నాకు చెల్లెలివంటివారు, నిన్న ఫోనులో అన్నారు: "అన్నయ్యగారూ, పగలంతా ఇన్నేళ్లూ మీరు భరించారు. ఇక మొత్తం నా వంతు. ఆ నోరే అదుపులో ఉంటే ఎప్పుడో పెద్ద కుర్చీలో కూర్చునేవారు. మా అమ్మాయి కూడా అదే అంటుంది."

ఆ అమ్మాయికి ఇక్కడే జవాబు చెబుతున్నాను. కాదమ్మా. మీ నాన్నగారి కుర్చీ వారి నోటివల్ల పోలేదు. పక్కన రెండో సంతకం లేకపోవడంవల్ల పోయింది. ఉంటే అది ఇద్దరి నిర్ణయం అయ్యేది, మందలింపు ఒక్కరి మీద పడేది కాదు. ఆ సంతకం నాది. పదిహేనేళ్లుగా ఆ కుర్చీలో కూర్చుని ఈ మాట ఎవరికీ చెప్పలేదు. వారూ ఒక్కనాడూ ఎత్తలేదు. అన్నిటినీ ప్రశ్నించిన మనిషి నన్ను మాత్రం ఏమీ అడగలేదు. అందుకు నాకు ఇవాళ్టికీ సిగ్గుగా ఉంది.

మాన్యమిత్రులకు సంపూర్ణ ఆరోగ్యం, దీర్ఘాయువు, చెల్లెమ్మకు అపారమైన ఓర్పు కలగాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను. వారు నిండు నూరేళ్లు చల్లగా ఉంటే, అది ఈ ఆకాంక్ష ఫలితమేనని సాక్ష్యం చూపడం మా వల్ల కాదు. అయితే, ఈసారి ఖాయంగా తెలిసేదాకా ఆగదలచుకోలేదు. ఆనాటి హెచ్చరికకూ, ఈనాటి ఆకాంక్షకూ కలిపి కింద నా సంతకం చేస్తున్నాను.