కొవ్వు కాదంట

హలో… ఆఁ, నేనేనమ్మా, హారికను. వినపడుతోందా?… కళ్లంలో ఉన్నావా? మిరపకాయల సంగతి ఆదెయ్య చూసుకుంటాడులే, నువ్వు కాస్త ఇవతలికి రా…

బ్రాడీపేటలోనే. క్లినిక్ మెట్ల మీద కూర్చున్నా… లేదు, ఆపరేషన్ ఇంకా చెయ్యలేదు… భయమేం కాదు.

నా చంకల్లో ఉన్నది కొవ్వు కాదంట.

…అయ్యో, కేన్సరూ కాదు! అరవకు. స్కాన్ తీసి చూసింది డాక్టరమ్మ. ప్రమాదమేం లేదంది…

చెప్పనిస్తావా? కొందరికి చంకల్లో కూడా పాలగ్రంథి ఉంటుందంట. కాన్పయ్యాక అక్కడికీ పాలు దిగుతాయంట. బిడ్డ ఎన్నాళ్లు తాగిందీ అని అడిగింది…

ఏం చెప్పను? కాగితంలో పిల్లలు లేరని రాసిచ్చా. నువ్వు నేర్పిందేగా…

తొమ్మిది రోజులే తాగిందని చెప్పా. తర్వాత పోయిందని చెప్పా.

అమ్మా… ఉన్నావా?…

ఆ ఎండాకాలం గుర్తుందా? నా పాలు ఆగిపోవాలని మూరలు మూరలు మల్లెపూలు తెప్పించి గుండెల మీద కట్టావు. వాడగానే తీసి మళ్లీ కొత్తవి… నాలుగు రోజులు. గదంతా అదే వాసన. ఇప్పటికీ తల్లో పెట్టుకోలేను… చంకలు సలుపుతున్నాయంటే జ్వరానికి బిళ్లలు కట్టాయన్నావు… నిన్ననట్లేదే. నీకేం తెలుసు, నాకేం తెలుసు. అక్కడ మాత్రం పూలు కట్టలేదు మనం…

ఏడవకు. కూలీలు చూస్తారు.

రెండేళ్లమ్మా. నెలనెలా ఉబ్బి సలిపేది. జాకెట్టు కొలిచినప్పుడల్లా టైలర్ షమా "చంకల్లో బన్నులు దాచావా అక్కా" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. రాత్రిపూట అన్నం మానేశా. నడిచి నడిచి కాళ్లు వాచాయి… పాపకు దిగిన పాలను కరిగించాలనమ్మా, నేను నడిచింది…

ఆయనకా? చెప్పా. నీ ఇష్టం అన్నారు…

తీయించుకుంటాలే… ఇప్పుడు వద్దంటావేం? తమ్ముడి పెళ్లిలోపు చేయించుకోమని నిన్నటిదాకా పోరింది నువ్వే!… నొప్పమ్మా. ఇక ఓపిక లేదు… ఊఁహూఁ, గొట్టంతో లాగితే మొత్తం రాదంట, కోసి తియ్యాలంట…

కొవ్వే అయ్యుంటే పొద్దున్నే సంతకం పెట్టేదాన్ని. గంట నుంచి పెన్ను పట్టుకుని కూర్చున్నా.

…ఆఁ, వస్తున్నా సిస్టర్, ఒక్క నిమిషం!… నిన్ను కాదు, లోపలికి పిలుస్తున్నారు.

ఏంటి?… ఎవరడిగినా కొవ్వు తీయించుకుందని చెబుతావా?… వద్దు… పెళ్లికూతురి వాళ్లయినా సరే… శుభకార్యమైతే ఏమైంది?… మా హారికకు ఆడపిల్ల పుట్టిందని చెప్పు. తొమ్మిది రోజులు తల్లి దగ్గర పాలు తాగిందని చెప్పు… చెబుతావా?

…

అమ్మా, చెబుతావా?

…

సరేలే. పెట్టేస్తున్నా.