ఒక్క పూటలో ముప్పై ఎనిమిది మంది

పొద్దున ఏడున్నరకు బడి ఎదుట మార్తమ్మ టీ కొట్టు దగ్గర ఆగకపోతే ఆ రోజు నా ఆటోకు బేరాలు పడవు. ఇది నా నమ్మకం. శ్రీరాములు సారు కూడా అక్కడ ఆగుతాడు గానీ ఆయనకు కావలసింది బేరాలు కాదు, వినేవాళ్ళు. సారు అంటే పాఠం చెప్పే సారు కాదు. కంభం చుట్టుపక్కల పది బళ్ళు మోటారు సైకిలు మీద తిరిగి, పిల్లలు ఎట్లా చదువుతున్నారో ఫోనులో ఎక్కించి పైకి పంపే సీఆర్పీ.

ఆ రోజు బెంచీ మీద విత్తనాల కొట్టు కోటేశ్వర్లు మామ పేపరు చూస్తూ, "ఫోనే పిల్లోళ్ళకు పరీక్ష పెడతాదంట, నిజమేనా సారూ?" అన్నాడు. అడగకూడని మనిషిని అడిగాడు.

"నిజమేనా ఏంది మామా! పెట్టింది నేనే గదా. మొన్న ఫిబ్రవరిలో, మన బడిలోనే, ఒక్క పూటలో ముప్పై ఎనిమిది మందికి పెట్టినా. ఫోన్లో చిన్న కత వస్తాది. పిల్ల ఒక నిమిషం చదవాల. ఎన్ని మాటలు సరిగ్గా చదివిందో ఫోనే వింటాది, ఫోనే లెక్కేస్తాది. బాగా చదివితే ఆకుపచ్చ, తడబడితే పసుపు, అసలు రాకపోతే ఎరుపు. ముప్పై ఎనిమిది మందీ అయ్యేసరికి నా గొంతు పోయింది, రెండు రోజులు మాట రాలే."

"చదివింది వాళ్ళయితే నీ గొంతెందుకు పోయింది?" అన్నాను.

"చదువు నాయనా, చదువు తల్లీ అని చెప్పొద్దా సత్యానందం? నువ్వు ఆటో తోలుకో, ఇయ్యన్నీ నీకు తెలీవు."

పొయ్యి దగ్గర నుంచి మార్తమ్మ అడిగింది. "సాయంత్రం చదువు ఎరుపు పడినోళ్ళకేనా నాయనా?"

"ఎరుపోళ్ళకే అక్కా. బడి విడిచినాక గంటసేపు విడిగా కూచోబెట్టి చెప్తారు. ఆకుపచ్చోళ్ళకు దేనికి?"

ఆమె ఎందుకడిగిందో నాకు తెలుసు. మనవరాలు ప్రేమకుమారి మూడో తరగతికి వచ్చింది, ఇంకా గుణింతం దగ్గరే ఉంది. సాయంత్రం క్లాసులో కూచోబెట్టమని మార్తమ్మ పోయిన వారం బడికి పోయి అడిగితే, "నీ మనవరాలికి ఆకుపచ్చ పడిందమ్మా, లిస్టులో పేరు లేదు" అన్నారట. ఆకుపచ్చ అంటే మంచిదని అందరూ ఆమెకు చెబుతున్నారు. ఆమెకు మాత్రం అది మంచిగా కనపడటం లేదు.

సారుకు ఇవేమీ పట్టలేదు. తన కతలో అప్పటికే బడి గేటు దాటిపోయాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పది కొట్టకముందే అయిపోయినారు మన బడోళ్ళు. ఫోనుకేమో ఇంకా ఆకలి తీరలే. సరేనని తక్కిన తొమ్మిది బళ్ళూ మధ్యాహ్నం బువ్వ గంట కొట్టేలోపల చుట్టేసినా. బండి ఆపింది లేదు మామా, ఒక చేత్తో బండి, ఒక చేత్తో ఫోను. పిల్లోళ్ళు గోడ మీది నుంచి చదవడం, ఇది వినడం, రంగు పడడం. అట్లనే ఆపడం మర్చిపోయి ఫోను జేబులో పెట్టుకోని బస్సెక్కినా."

"బండి ఏమైంది?" అన్నాడు కోటేశ్వర్లు మామ.

"బండి సంగతి తర్వాత. కండక్టరు ఉండాడు చూడు, గిద్దలూరు కంభం తర్లుపాడు మార్కాపురం అని ఒక్క ఊపిరిలో అరిచినాడు. నా జేబులో టింగుమని మోగింది. తీసి చూస్తే వానికి ఆకుపచ్చ! ఐదో తరగతి స్థాయి దాటినాడని వచ్చింది. పాపం, బస్సు ఆపి నా చేతులు పట్టుకోని ఏడ్చినాడు. ఇన్నేండ్లకు నన్ను పాసు చేసినోడివి నువ్వే సారూ అని."

"బాగుంది."

"బాగుండడం ఏంది, విను. రైలు గేటు కాడ ఆగినాము. నంద్యాల పోయే రైలు నిలబడి ఉండాది. ఫోను దాన్ని కూడా చూసింది. పోయిన నెల ఎక్కడుండావు, ఈ నెల ఎక్కడుండావు, ప్రగతి ఏమీ లేదు, ఎరుపు! నేను ఊరికే డ్రైవరుకు చూపించినా. మరుసటి రోజు నుంచి ఆ రైలు అరగంట ముందొస్తా ఉండాది."

"నేను నిన్న ఆ రైలుకే గంటన్నర కాచుకున్నా సారూ," అన్నాను.

"నువ్వు అది వెళ్ళిపోయినాక వచ్చింటావు. నీకు రైలు చూడ్డం కూడా రాదు."

కోటేశ్వర్లు మామ పేపరు మడిచి తొడ కింద పెట్టుకున్నాడు. ఇంక పేపరుతో పని లేదు.

"మార్కాపురం పలకలోళ్ళు మా ఇంటికొచ్చినారు మామా, ఆ ఫోను ఆపు సారూ, పలకలు కొనేవాడు లేడని. ఎట్ల ఆపేది? అప్పటికి అది నా మాట కూడా వినే స్థితిలో లేదు. పైన ఒంగోల్లో మిషను ఉంటాది గదా, మనం పంపిందంతా పోయి పడేది. నేను పంపిన దెబ్బకు అది కాలిపోయేట్టు వేడెక్కింది. ఆపు శ్రీరాములూ, నీకు దండం పెడతాము అని ఒకటే ఫోన్లు. ఆఖరికి కంభం చెరువు నీళ్ళు ట్యాంకర్లతో తోలి దాన్ని తడిపినారు. ఈ ఎండాకాలం చెరువు రెండడుగులు ఎందుకు దిగిందనుకుంటిరి?"

"ఎండలకనుకుంటిమి."

"ఎండలకు రెండడుగులా! ఇంకోటి చెప్తా, ఇది ఎవరికీ చెప్పలే. పామూరు బస్సులో నా పక్క సీట్లో నిండు మనిషి కూచోనింది. కడుపులో బిడ్డ అ ఆ ఇ ఈ మొదలుపెట్టినాడు. మనకెవరికీ వినపడలే, ఫోనుకు వినపడింది. ళ దాకా వచ్చినాడు. ఆకుపచ్చ! కింద రాసింది, ఇంకొంచెం గట్టిగా చదవవలెను అని."

కోటేశ్వర్లు మామకు టీ పొలమారింది. నేను వీపు మీద తట్టాను. సారు మా నవ్వు చూసి ఇంకా చెలరేగాడు.

"అంత చెవి దానిది. ఒకసారి విన్న గొంతును నూరేండ్లు దాచిపెడతాది. నీ మునిమనవడు వచ్చి అడిగినా తీసి వినిపిస్తాది."

మార్తమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని ఇవతలికి వచ్చింది. "అయితే మా ప్రేమ గొంతు కూడా ఉంటాదా నాయనా?"

"ఎందుకుండదు?"

"ఒకసారి వినిపించు. మా పిల్ల చదవంగా నేను ఎప్పుడూ వినలే."

సారు నెట్టు లేదన్నాడు. కోటేశ్వర్లు మామ తన ఫోను నుంచి నెట్టు ఇచ్చాడు. సారు చార్జింగు లేదన్నాడు. చూస్తే డెబ్బై శాతం ఉంది. చెరువు తాగించిన ఫోను ఈ చిన్న పనికి వెనకాడితే ఎట్లా అన్నాను నేను. ఆయన ఇంక తప్పక పేరు వెతికి నొక్కాడు.

సన్నటి గొంతు ఒకటి గబగబా చదివింది. "ఒక ఊరిలో ఒక కుందేలు ఉంది. దానికి క్యారెట్లు అంటే ఇష్టం." తప్పు లేదు, తడబాటు లేదు. ఆ గొంతు వెనక స్టవ్ బుస్సుమంటోంది. ఆ వెనక ఇంకో గొంతు అరిచింది. "రెండు అల్లం టీ! ఒకటి చక్కెర లేకుండా!"

అది మార్తమ్మ గొంతు. ముగ్గురం ఆమె వైపు చూశాం. స్టవ్ ఇప్పుడు కూడా అట్లాగే బుస్సుమంటోంది.

"ఆ పొద్దు మా పిల్ల ఊళ్ళో లేదు నాయనా," అంది మార్తమ్మ. గొంతు పెంచలేదు. "ఆ నెలంతా వాళ్ళమ్మతో గుంటూరు దిక్కు మిరపకాయల కోతకు పోయింది. నువ్వేమో సాయంత్రం ఈ బెంచీ మీదే కూచోని, అటు తిరిగి, చిన్నపిల్లోని మాదిరి చదువుతా ఉంటివి. నాటకానికేమో అనుకుంటి. గొంతు పోయిందని నేనే నీకు నాలుగుసార్లు మిరియాల టీ పోసినా."

శ్రీరాములు సారు ఫోను ఆపాడు. ఆయన మొహం చూస్తే నాకు జాలేసింది, అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

"పది బళ్ళక్కా, రెండు రోజులు గడువిచ్చినారు," అన్నాడు. "నేను ఈడికొచ్చేసరికి బడి విడిచిపెట్టినారు. సగం మంది పిల్లోళ్ళు కోతల్లో ఉండారు. ఖాళీగా పంపితే పైనోళ్ళు నన్నడుగుతారు. ఎరుపు పంపితే ఇంకా అడుగుతారు."

"నిన్నడుగుతారని నా పిల్లకు చదువొచ్చిందని రాసినావు. నాకు నీ మీద ఫిర్యాదు పెట్టే తీరిక లేదు. మా పిల్లకు ఎరుపు ఇప్పించు."

"ఆకుపచ్చ నుంచి ఎరుపుకు దించితే కారణం రాయాల అక్కా. నా పేరు మీదే పోతాది."

"రాయి. ఆ పొద్దు పిల్ల లేదని రాయి. నిజమే గదా."

ఆమె లోపలికి చూసి పిలిచింది. ప్రేమకుమారి సంచీ తగిలించుకుని, రెండు జడలతో బయటికి వచ్చింది. సారు ఫోను ఆ పిల్ల ముందర పెట్టాడు. ఈసారి ఆయన నోరు తెరవలేదు. పిల్ల వేలు పెట్టి, "ఒ... క... ఊ..." అని ఆగింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. నిమిషం అయ్యేసరికి రెండు మాటలు వచ్చాయి. ఫోను టింగుమంది. ఎరుపు.

"తప్పు చదివినానా అవ్వా?" అంది పిల్ల భయంగా.

"లేదమ్మా, బాగా చదివినావు. సాయంత్రం బడి విడిచినాక ఇంటికి రావద్దు, ఆడ్నే కూచో," అని మార్తమ్మ పిల్ల తల నిమిరి పంపించింది.

సారు బొటనవేలితో కారణం రాస్తూ కూచున్నాడు. రాసిందాన్ని రెండుసార్లు తుడిపాడు. మూడోసారి పంపించాడు. కోటేశ్వర్లు మామ లేచి పంచె దులుపుకుని, "మరి తక్కిన ముప్పై ఏడుమంది సంగతేంది సారూ?" అన్నాడు.

సారు బడి వైపు చూశాడు. మొదటి గంట ఇంకా కొట్టలేదు. ఫోను జేబులో పెట్టుకుని, "ఈ పొద్దు మొదలుపెడతా," అన్నాడు. తర్వాత అలవాటుగా మార్తమ్మ వైపు తిరిగి, "అక్కా, ఒక మిరియాల టీ పొయ్," అన్నాడు.

"మిరియాలు దేనికి నాయనా?" అంది మార్తమ్మ గ్లాసు కడుగుతూ. "ఈసారి చదివేది పిల్లోళ్ళు గదా."